దుప్పటికి అవతలి కొస

మడతక్కను గోడకి అవతలికి పంపిన రోజు మా లాండ్రీలో ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి చేతుల్లోనూ పని ఉంది. పనిలో ఉన్నవాడికి అన్యాయం కనబడదు. కనబడినా, ఇదయ్యాక చూద్దాంలే అనుకుంటాడు. ఆ పని ఎప్పటికీ అవదు.

ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. మాది ఆస్పత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. షెడ్డు మధ్యలో నిలువునా ఒక గోడ. అటు మురికి వైపు, ఇటు శుభ్రం వైపు. ఉతికే మెషీన్లు ఆ గోడలోనే బిగించి ఉంటాయి. ఒక్కో దానికి రెండు తలుపులు. ఆస్పత్రి నుంచి వచ్చిన దుప్పట్లూ గౌన్లూ అటు తలుపులోంచి వేస్తారు, ఉతికాక ఇటు తలుపులోంచి తీస్తారు. అటు పనిచేసేవాళ్ళు ఇటు రాకూడదు. వాళ్ళు వచ్చే దారి వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు, అన్నం తినే గది వేరు. రోగాలు అంటుకోకుండా పెట్టుకున్న నియమం. మంచి నియమమే. కానీ మనిషి మీద కసి తీర్చుకోవాలనుకునేవాడికి మంచి నియమం కంటే పదునైన కత్తి దొరకదు.

మడతక్క శుభ్రం వైపు మడతల బల్లకి పెద్ద. ఆమె అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అంచుకి అంచు, మూలకి మూల. ఆమె పేర్చిన దొంతరలోంచి ఏ దుప్పటి లాగినా పక్కది కదిలేది కాదు. "అక్క మడతపెట్టిన దుప్పటి మీద పడుకోవాలంటే రోగికి కూడా మొహమాటమే" అనేది బల్ల దగ్గరి లావుపాటావిడ. "అందుకేగా తొందరగా లేచి ఇంటికి పోతున్నారు! సగం వైద్యం నాదే, పేరు మాత్రం డాక్టర్లది" అని మడతక్క జవాబు.

మా సూపర్‌వైజర్‌ని ఇస్త్రీ సారు అనేవాళ్ళం. ఆయన చొక్కాకి ఉన్న నిటారుతనం ఆయన వెన్నుకి లేదని మా అందరి నమ్మకం. ఆ రోజు ఆయన బల్ల దగ్గరికి వచ్చి, ఆమె మొహం చూడకుండా, దొంతరతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"కొన్నాళ్ళు అటు వైపు చూసుకోమ్మా."

"ఎందుకు సార్?"

"నీ మనసు బాలేదు కదా. ఇక్కడ మడతలు తప్పుతున్నాయి."

"ఏది తప్పిందో చూపించండి సార్. విప్పి మళ్ళీ పెడతాను."

ఆయన పై దుప్పటి ఎత్తి చూశాడు. దాని కిందిది చూశాడు. ఏమీ దొరకలేదు. "ప్రతిదానికీ వాదించకమ్మా. ఇప్పటికే నువ్వు పెట్టిన పేచీలు చాలు" అన్నాడు.

ఆయన కొడుకు లెక్కల్లో మొద్దు. వాడికి ట్యూషన్ చెప్పే మేష్టారి మీద మడతక్క పోలీసు కేసు పెట్టింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. అంతే సంగతి. మడతక్క ఏప్రాన్ విప్పి, దాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, చుట్టూ తిరిగి అవతలి దారిన వెళ్ళిపోయింది.

నేను ఆ రోజుల్లో ఇస్త్రీ రోలరు దగ్గర తడి దుప్పట్లు అందించేవాణ్ణి. ఆమె ఎక్కే బస్సే నేనూ ఎక్కేవాణ్ణి. ఇందులో కొంత నేను చూసింది. ఎక్కువ భాగం ఆమె బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

*

వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. కింద అత్తగారు, మేష్టారు. మేష్టారంటే ఆమె భర్తకి అన్న, ఆమెకి బావగారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి చదువు కోసమే చేసుకోలేదని వీధిలో పేరు. సాయంత్రం అయ్యేసరికి ఆయన గుమ్మం ముందు పిల్లల చెప్పులు గుట్టగా పడి ఉండేవి. పెద్దవాళ్ళు ఆ గుమ్మం ముందు నడిచేటప్పుడు గొంతు తగ్గించుకునేవాళ్ళు. పై అంతస్తులో మడతక్క, భర్త, మూడో తరగతి చదివే కూతురు.

భర్త లిఫ్టు మెకానిక్. మెత్తని మనిషి. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని క్షేమంగా దించడం ఆయన వృత్తి.

మడతక్క షిఫ్టు దిగి వచ్చేదాకా పాప కింద పెదనాన్న దగ్గర ఉండేది. "మా బావగారు దేవుడమ్మా. ఆయన లేకపోతే నేను ఈ గడప తొక్కేదాన్నా?" అని మా అందరితో అనేది మడతక్క. ఆ మాట తర్వాత ఆమెను ఎంత కాల్చిందో చెప్పలేను.

ఆదివారాలు తల్లీకూతుళ్ళు కలిసి ఇంట్లో దుప్పట్లు మడతపెట్టేవాళ్ళు. పాప స్టూలు మీద నిలబడవలసిన వయసు నుంచీ అది అలవాటు. చెరో రెండు కొసలు పట్టుకుని, లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి, పాప తన కొసలు అమ్మ చేతికివ్వాలి. ఉత్త కొసలు ఇస్తే మడతక్క పుచ్చుకునేది కాదు. కొసతో పాటు ఒక కబురు ఇవ్వాలి. అది వాళ్ళిద్దరి నియమం. స్కూల్లో ఎవరి పన్ను ఊడింది, టీచరు ఎవరిని తిట్టింది, ఏ పిల్ల ఏ పిల్లతో జట్టు మానేసింది, ఏదైనా సరే. "కబురు లేదమ్మా" అంటే "అయితే దుప్పటి కింద పడేస్తాను, మళ్ళీ ఉతుకుదువుగాని" అనేది తల్లి. ఆ పిల్ల అప్పటికప్పుడు ఏదో ఒకటి కల్పించి చెప్పేది. బల్లి తనని చూసి కన్నుకొట్టిందని ఒకసారి చెప్పిందట. ఆ కబురుకి మా బల్ల దగ్గర అందరం నవ్వుకున్నాం.

ఒక ఆదివారం పాప నడిచి వచ్చి కొసలు అమ్మ చేతికి ఇచ్చింది గానీ వేళ్ళు వదల్లేదు. ఇద్దరి మొహాలూ దుప్పటి వెనక దగ్గరగా ఉన్నాయి.

"అమ్మా, పెదనాన్న నాతో చెడ్డపని చేస్తాడు. నిన్న కూడా చేశాడు. నీకు చెప్తే నువ్వు చచ్చిపోతావన్నాడు."

ఇంకా కొన్ని మాటలు చెప్పింది. అవి మడతక్క నాకు చెప్పలేదు. చెప్పినా ఇక్కడ రాయను.

"నువ్వేమన్నావక్కా?" అని అడిగాను.

రెండు స్టాపులు దాటాయి.

"నిన్న వేసుకున్న గౌను ఏదే, అన్నాను."

మా పనిలో మొదటిరోజే నేర్పేది ఒకటుంది. ఒంటి నుంచి వచ్చిన మరక ఏదైనా సరే, ముందు చన్నీళ్ళలో వెయ్యాలి. ఆలస్యం చేస్తే పట్టుకుంటుంది. వేడినీళ్ళు పోస్తే ఇక జన్మకి వదలదు. ఏళ్ళ తరబడి అదే చేసిన చేతులు ఆ ఆదివారం కూడా అదే చేశాయి. గౌను తీసింది. లోదుస్తులు తీసింది. పాప పక్కదుప్పటి, తువ్వాలు, కింద ట్యూషన్ గదిలోకి పట్టుకెళ్ళే చిన్న చాప, ఆఖరికి స్కూలు బ్యాగు కూడా. బకెట్టు నిండా చన్నీళ్ళు పట్టి అన్నీ ముంచి, స్నానాలగది నేల మీద కూర్చుని ఉతకడం మొదలుపెట్టింది. బ్రష్షు అరిగేదాకా రుద్దింది. ఏడుస్తున్నట్టు తనకి తెలియదట, పాప గుమ్మంలో నిలబడి "అమ్మా, చచ్చిపోతున్నావా?" అని అడిగేదాకా.

"లేదే, ఉతుకుతున్నాను" అంది.

పాప అక్కడే నిలబడి చూసింది. తను ఒక మాట చెప్పింది. చెప్పగానే అమ్మ తనవన్నీ తీసి, మొహం అదోలా పెట్టుకుని రుద్దుతోంది. చిన్నపిల్ల. ఏమని అనుకుంటుంది?

"ఆరేసి వచ్చేసరికి మూల కూర్చుని అరచేతులు గోడకేసి రాస్తోంది తమ్ముడూ. అప్పుడు దగ్గరికి తీసుకున్నాను. అప్పుడు. ముందు గౌను, తర్వాత పిల్ల."

*

భర్త ఇంటికొచ్చాక చెప్పింది. ఆయన చేతిలో పనిముట్ల సంచీ అలాగే ఉంది. దాంతోనే కిందికి దిగాడు. మడతక్క మెట్ల మీద నిలబడి చెవులు రిక్కించింది. అరుపులు వినబడతాయనుకుంది. వినబడాలని కోరుకుంది. కింద ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది, అంతే. ఆయన పైకొచ్చి తలుపు దగ్గరే కూర్చున్నాడు.

"అన్నయ్య ఏడ్చాడు."

"పాప కూడా ఏడ్చింది."

"అమ్మకి గుండె పట్టేసినట్టయింది. పొద్దున మాట్లాడదాం."

"పొద్దున్నకి ఏం మారుతుంది?"

"నాకు చదువు చెప్పించిన మనిషే. తను తినకుండా నాకు పెట్టిన మనిషి."

"ఆ చదువుకి నా పిల్లనా ఇచ్చుకునేది?" అంది మడతక్క.

ఆయన సంచీలోంచి స్పానరు తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టాడు.

మర్నాడు అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "పిల్లలు ఏవేవో అంటారే. మొన్న కింద గదిలో దెయ్యం ఉంది, నేను వెళ్ళనని గోల చెయ్యలేదూ?"

"దెయ్యమే అత్తయ్యా. ఎక్కడుందో మనకిప్పుడు తెలిసింది."

"నీ నోటికి అడ్డూ ఆపూ లేదు! కన్నకొడుకు గురించి నా ముందే అంటావా?"

"మీ కొడుకు గురించి మీ ముందే అంటున్నాను. మీ మనవరాలి గురించి మీరెవరి ముందైనా ఒక్క మాట అనండి."

ముసలావిడ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తల నిమిరింది. "నిజం చెప్పు బంగారం. అమ్మ చెప్పమంటే చెప్పావా? కలొచ్చిందా?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. సాయంత్రం తండ్రి అడిగాడు. స్కూలు హెడ్‌మిస్ట్రెస్ తన గదికి పిలిపించి, తలుపు వేసి అడిగింది. అందరూ మెత్తగానే అడిగారు. మెత్తగా నొక్కితే చేతి గుర్తు పడదు కదా.

మడతక్క కూడా అడిగింది. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎన్నిసార్లు. ఆఖర్న, "మరి ముందే ఎందుకు చెప్పలేదే?" అంది. "నోట్లోంచి ఆ మాట బయటికొచ్చాక తెలిసింది తమ్ముడూ, రాకూడని మాటని. కొన్ని మాటలు చన్నీళ్ళలో వేసినా వదలవు."

*

పోలీస్ స్టేషన్‌కి ఒక్కతే వెళ్ళింది. భర్త వస్తానన్నాడు, చెప్పులు వేసుకున్నాడు, మళ్ళీ విప్పాడు. అక్కడ లేడీ ఇన్‌స్పెక్టరు మంచావిడే. కుర్చీ వేయించింది, మంచినీళ్ళు తెప్పించింది, మధ్యలో అడ్డుపడకుండా అంతా వింది. చివర్న, "ఆ ముందురోజు పాప వేసుకున్న బట్టలు ఉన్నాయా అమ్మా?" అని అడిగింది.

"ఉన్నాయండీ. తెచ్చాను."

మడతక్క సంచీలోంచి గౌను తీసి బల్ల మీద పెట్టింది. లోదుస్తులు పక్కన పెట్టింది. దుప్పటి కింద పెట్టింది. అన్నీ ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి, మడత పెట్టి ఉన్నాయి. సబ్బు వాసన గదంతా వ్యాపించింది.

"ఉతికేశారా?"

"ఉతికానండీ. చన్నీళ్ళలోనే ఉతికాను." వేడినీళ్ళు వాడలేదు కాబట్టి తప్పు చేయలేదనే ధైర్యం ఆమెది.

ఇన్‌స్పెక్టరు ఆ గౌను మీద చెయ్యి పెట్టింది. అవి అలాగే ఉండి ఉంటే ఏమేం పనికొచ్చేవో నెమ్మదిగా చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మడతక్క అనేది. "అంట్లు తోమేదైనా, వీధి ఊడ్చేదైనా నా చోట ఉంటే ఆ గౌను అలాగే దాచిపెట్టేదేమో. ఉతికే పని చేసేదాన్ని కాబట్టి ఉతికాను. ఇంత బాగా ఉతకడం చేతకాకపోయినా కాస్త మిగిలేది."

"పరవాలేదమ్మా" అంది ఇన్‌స్పెక్టరు. "పాప మాటే సాక్ష్యం. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. కోర్టులో పిల్లల కోసం వేరే గది ఉంటుంది, అక్కడ జడ్జీ ముందు పాప ధైర్యంగా చెప్తే చాలు."

అప్పటినుంచి భారమంతా ఆ పిల్ల నోటి మీద పడింది. మూడో తరగతి పిల్ల నోరు. పెద్దవాళ్ళం మనం పరువనీ, రక్తసంబంధమనీ ఇంత పెద్ద గొంతులు పెట్టుకుని మోయలేనిది ఆ పిల్ల మొయ్యాలి.

మేష్టార్ని తీసుకెళ్ళారు. బెయిలు మీద తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో ఉండకూడదని ఇన్‌స్పెక్టరు చెప్పింది. "ఇల్లు నా పేరు మీదుంది, నా కొడుకు ఎక్కడికి పోతాడు?" అంది ముసలావిడ. ఎవరో ఒకరు పోవాలి కదా. మడతక్కా పాపా పోయారు. ప్రింటింగ్ ప్రెస్ మీద ఒకే ఒక గది. పగలంతా నేల అదురుతుండేది. తప్పు చేసినవాడు ఇంట్లో, తప్పు జరిగిందని చెప్పినది అద్దెగదిలో. భర్త వాళ్ళ సామాను మోసి, బల్బు మార్చి, గొళ్ళెం బిగించి, "అమ్మని చూసుకునేవాళ్ళు ఉండాలి కదా" అని వెళ్ళిపోయాడు. ఎక్కడెక్కడో ఇరుక్కున్నవాళ్ళని దించినవాడు తన రెండంతస్తుల మధ్యే ఇరుక్కున్నాడు. తలుపు తెరిచేవాళ్ళు లేరు.

వీధిలో, లాండ్రీలో ఆమె పేరుకి కొత్త తోక తగిలించారు. మడతపేచీ అక్క అన్నారు. "ఏమీ లేకపోతే ఎందుకు ఉతికేసింది?" అని ఒకరు, "ఏమైనా ఉంటే ఎందుకు ఉతికేసింది?" అని ఇంకొకరు. రెండూ ఒకే నోటినుంచి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడే ఇస్త్రీ సారు ఆమెను గోడ దాటించాడు.

*

ఇన్‌స్పెక్టరు ఒకావిడ దగ్గరికి పంపింది. పాపని చూసేందుకు వేరే ఆమె, తల్లిని చూసేందుకు ఈమె. కౌన్సెలింగ్ మేడమ్ అనేది మడతక్క. మెట్ల పక్కన ఇరుకు గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి నవ్వుతున్న పిల్లల బొమ్మ. మేడమ్ మొదట అడిగిన మాట, "మీరు ఏమైనా తిన్నారా?"

"నాకేమైందండీ? అయింది పిల్లకి."

"మీకూ అయింది. మీరు నిలబడితేనే పాప పట్టుకునేందుకు ఏదైనా ఉంటుంది."

ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఆ లాండ్రీలో ఎవరూ అడగని మాట జీతానికి పనిచేసే పరాయి మనిషి అడిగింది. మడతక్క ఆ రోజు అక్కడ కూర్చుని ఏడ్చినంతసేపు, బయట వరసలో ఉన్న ఇంకొకరిని ఆపిందట మేడమ్.

ఇక తవ్వి తవ్వి అడగవద్దని చెప్పింది. పాప చెప్పినప్పుడు వినాలి, చెప్పనప్పుడు పక్కన ఉండాలి. మొహంలో భయం కనబడితే పిల్లలు నోరు మూసుకుంటారు. నిన్ను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పు లేదు, నాకు చెప్పి మంచిపని చేశావు, ఈ మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పాలి. పిల్లకి నమ్మకం కుదిరేదాకా చెప్పాలి.

బట్టలు ఉతికిన సంగతి విని, "చాలామంది అదే చేస్తారమ్మా. అది పిల్లని అంటకుండా పోవాలనుకున్నారు. అది ప్రేమే" అంది మేడమ్.

"ప్రేమైతే దానికి అలా ఎందుకు అర్థం కాలేదండీ?"

"అది నాకూ తెలియదమ్మా" అందట మేడమ్. తెలిసినట్టు నటించకపోవడమే ఆవిడలో నాకు నచ్చింది.

వారానికో సాయంత్రం అదే గదిలో ఇలాంటి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టేవాళ్ళు. వచ్చేవాళ్ళు తక్కువ. మనవణ్ణి పెంచుకుంటున్న ఒక ముసలావిడ, బట్టతల వంటాయన, ఒకటి రెండుసార్లు కనబడి మానేసినవాళ్ళు. వంటాయన చాలా రోజులు ఏమీ మాట్లాడకుండా కుర్చీలు వేసి, అయిపోయాక తీసి పేర్చి వెళ్ళేవాడట. ఒకరోజు ఉన్నట్టుండి, "ఇక్కడికొస్తే ఒకటే సుఖమండీ. అంతా మన మంచికే అనే వెధవ ఒక్కడూ ఉండడు" అన్నాడు. ముసలావిడ ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వానని మడతక్క బస్సులో ఆ మాట మళ్ళీ చెప్పి మళ్ళీ నవ్వింది.

లాండ్రీ గోడలో పలక అంత అద్దం ఒకటి ఉంది. అందులోంచి అటువైపు కనబడుతుంది. ముక్కుకీ నోటికీ గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు, ముందు మురికి దుప్పట్ల కుప్ప. గుడ్డ కింద ఆమె పెదవులు కదలడం కనబడేది. "పాటలు పాడుతున్నావా అక్కా?" అని బస్సులో అడిగితే, "పాఠం వల్లెవేస్తున్నాను. మేడమ్ చెప్పింది. దాని ముందు తడబడకూడదు కదా" అంది.

కానీ పాఠం వినాల్సిన పిల్ల దూరం జరుగుతోంది. తన బట్టలు అమ్మని ముట్టుకోనిచ్చేది కాదు. స్నానాలగదిలో తలుపు వేసుకుని, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పి, తనవి తనే ఉతుక్కునేది. చన్నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉండేవి. ఆదివారం మడతక్క దుప్పటి తీసి పిలిస్తే, "నువ్వే పెట్టుకో అమ్మా. నా చేతులు తడిగా ఉన్నాయి" అనేది. ప్రతి ఆదివారం చేతులు తడిగానే ఉండేవి.

మేడమ్‌కి జీతమిచ్చే సర్కారు పథకం గడువు అయిపోయింది. ఆ గదిలో పాత కుర్చీలు పడేసి తాళం వేశారు. మేడమ్‌ని వేరే ఊరికి పంపారు. వెళ్ళేముందు నంబరు ఇచ్చింది. కొన్నాళ్ళు పలికింది. తర్వాత ఎవరిదో మగగొంతు పలికి, ఆవిడ ఇప్పుడు ఈ పని చెయ్యడం లేదని చెప్పింది. మునిగేవాడికి గడ్డిపరక అంటారు. ఆ గడ్డిపరకని కూడా బదిలీ చేసే దేశాలు ఉంటాయి.

*

పాపని కోర్టులో ఆ పిల్లల గదికి తీసుకెళ్ళే రోజు వచ్చింది. జడ్జీ, ఒక ఆడమనిషి తప్ప లోపల ఎవరూ ఉండరు. బొమ్మలు కూడా పెట్టారు. ముందురోజు తండ్రి ఫోన్ చేసి, మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళమ్మకి ఇచ్చాడు. నానమ్మ మనవరాలితో ఏం మాట్లాడిందో మడతక్కకి అప్పుడు తెలియదు. తను గది బయట అన్నం వారుస్తోంది. తర్వాత పాపే చెప్పింది. "నువ్వు ఏమీ లేదని ఒక్క మాట అను బంగారం. మీ నాన్న ఆ రోజే మీ దగ్గరికి వచ్చేస్తాడు" అందట.

మడతక్క వరండాలో బెంచీ మీద కూర్చుంది. దూరంగా భర్త, పక్కన ఆయన అన్న. మేష్టారు కాస్త చిక్కాడు, కళ్ళజోడు మార్చాడు. దారిన పోయే ప్లీడరొకడు ఆయనకి నమస్కారం పెట్టాడు. పాత శిష్యుడట.

పాప బయటికొచ్చింది. అమ్మ వైపు చూడకుండా నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళింది. "ఏమీ జరగలేదని చెప్పేశాను నాన్నా. అమ్మ కోప్పడుతుందని అలా చెప్పానని చెప్పాను. ఇప్పుడు మన గదికి వస్తావా?" అంది. గట్టిగానే అంది. వరండా అంతా వినబడింది.

ఆయన పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఏదో చెప్పబోయాడు. అన్న ఆయన భుజం తట్టాడు. "వస్తానమ్మా, తర్వాత వస్తాను" అన్నాడు. ఎదురుగానే లిఫ్టు ఉంది. అన్నదమ్ములిద్దరూ మెట్ల మీంచి దిగి వెళ్ళిపోయారు. పాప లిఫ్టు దగ్గర నిలబడి చూసింది. నాన్న ఎటు నుంచి వచ్చినా లిఫ్టులోంచే వస్తాడని దాని నమ్మకం.

ఆ రోజు మడతక్క పిల్లని ఒక్క మాట అనలేదు. నేర్చుకున్న పాఠం తడబడకుండా చెప్పింది. "నువ్వు మొదట చెప్పిందే నమ్ముతున్నాను. ఇవాళ అలా ఎందుకు చెప్పావో కూడా తెలుసు. నీ తప్పు లేదు." పాప కళ్ళు పెద్దవి చేసి చూసి, "అయితే నాన్న ఎందుకు రాలేదు?" అంది.

కేసు నిలబడలేదు. మళ్ళీ చూద్దాం అంది ఇన్‌స్పెక్టరు, నమ్మకం లేని గొంతుతో. మేష్టారి గుమ్మం ముందు చెప్పుల గుట్ట మళ్ళీ పెరిగింది. ఇస్త్రీ సారు కొడుకు లెక్కల్లో గట్టెక్కాడు. ఆ రోజు ఆయన లాండ్రీ అంతటికీ మిఠాయి పంచాడు. గోడకి అవతల కూడా పంపించాడు. మడతక్కని తిరిగి ఇటు తీసుకోమని లావుపాటావిడ ఒక్కతే అడిగింది. "అటు అలవాటైపోయింది కదా, ఇప్పుడెందుకు?" అన్నాడు.

నేను ఆ పని మానేశాక చాలా రోజులకి, ఒక మధ్యాహ్నం పాత బస్టాపులో ఆమె కనబడింది. చేతుల చర్మం తొడుగుల్లో ఉడికి పగిలిపోయి ఉంది. పలకరిస్తే నవ్వింది. పాప ఎలా ఉందని అడిగాను. రోడ్డు చివర నా బస్సు మలుపు తిరుగుతుండగా చెప్పింది.

"బాగానే చదువుతోంది తమ్ముడూ. పక్క గది పిల్లలతో నవ్వుతుంది కూడా. మొన్న ఆదివారం దుప్పటి తీశాను. పిలవలేదు, పిలవడం మానేశాను. తనే వచ్చి అవతలి కొసలు పట్టుకుంది. దులిపింది. నడిచొచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, ఏదైనా చెప్తుందేమోనని, బల్లి కబురైనా సరేనని. 'కబురేం లేదమ్మా' అని వెళ్ళిపోయింది. దుప్పటి కింద పడేస్తానని ఇప్పుడెలా అంటాను? నేను దాన్ని నమ్మాను. రోజూ చెప్తున్నాను, నమ్మానని. అదే నన్ను నమ్మట్లేదు. ఎక్కు, నీ బస్సు వచ్చేసింది. నాది ఇది కాదు."